అడవి పేరు పెట్టుకున్న పట్నం, పాట దొరకని మన తండా

పోస్టు పొడుగే ఉంది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్ల ఒక పని చెప్పినం, అది మనందరి పని.

మేం మెట్‌పల్లిలో ఒక కిరాయి రూంలో ఐదుగురం ఉంటున్నం. ఇద్దరం తండా వాళ్ళం, ఇద్దరు నాయకపోడ్లు, ఒక గోండు తమ్ముడు. గ్రూప్స్ ప్రిపరేషన్ అని చెప్పుకుంటం, సగం రోజులు కైకిలికి పోతం. ఇంగ్లీష్ చెవికి అలవాటు కావాలంటే పాటలు వినండ్రా అని ఒక సీనియర్ అన్న ఒక ఆల్బమ్ పేరు చెప్పిండు. ఆర్కేడ్ ఫైర్ అనే బ్యాండు, ఆల్బమ్ పేరు 'ది సబర్బ్స్'. అంటే పట్నం శివార్లు.

నిజం చెప్పాలంటే మొదటిసారి మాకు ఏమీ ఎక్కలేదు. డీజే దెబ్బ లేదు, చిందెయ్యడానికి లేదు. 16 పాటలు, గంటసేపు. రెండు పాటలకే ఆపేసినం. రెండోసారి లిరిక్స్ ముందట పెట్టుకొని, తెలియని మాటలు డిక్షనరీలో చూసుకుంట విన్నం. మూడోసారి రాత్రి కాకతీయ కాలువ గట్టు మీద కూసొని ఒక్క ఫోన్‌లో అందరం విన్నం. ఆ రాత్రి ఎవ్వరం సరిగ్గా మాట్లాడలే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఆల్బమ్ చరిత్ర చెప్పాలె.

ఆ పాటలు ఎక్కడివి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ అనే పెద్ద పట్నం ఉంది. దానికి ఉత్తరాన అడవి ఉన్న జాగలో, జార్జ్ మిచెల్ అనే చమురు, గ్యాస్ వ్యాపారి ఒక కొత్త ఊరు కట్టించిండు. 1974లో మొదలైంది. ఇండ్లు, రోడ్లు, అంగళ్లు అన్నీ ముందే గీసిన ప్లాను ప్రకారం. పేరు 'ది వుడ్‌లాండ్స్'. వుడ్‌లాండ్స్ అంటే అడవి జాగ. విన్ బట్లర్, విల్ బట్లర్ అనే అన్నదమ్ములు అక్కడ పెరిగిండ్రు. పెద్దయినంక కెనడాలోని మాంట్రియల్ చేరి, విన్, రెజీన్ షసాన్య, ఇంకొందరు దోస్తులు కలిసి బ్యాండు నడిపిండ్రు. రెజీన్ తల్లిదండ్రులు హైతీలో నియంత పాలన తట్టుకోలేక పారిపోయి వచ్చినవాళ్ళు. ఆమె పెరిగింది కూడా మాంట్రియల్ పక్కనున్న శివారు ఊర్లోనే.

2004లో 'ఫ్యూనరల్', 2007లో 'నియాన్ బైబిల్' వచ్చినయ్. ఆ తర్వాత ఒకనాడు విన్‌కు చిన్ననాటి దోస్తు దగ్గర నుంచి ఉత్తరం, ఒక ఫోటో వచ్చినయ్. ఫోటోలో ఆ దోస్తు బిడ్డను భుజాల మీద ఎక్కించుకొని, వాళ్ళు తిరిగిన మాల్ దగ్గరే నిలబడి ఉన్నడు. ఆ ఒక్క ఫోటోతోటి చిన్నతనమంతా కదిలింది. 2010 ఆగస్టులో 'ది సబర్బ్స్' వచ్చింది.

అమెరికాలో దాన్ని తెచ్చింది మెర్జ్ రికార్డ్స్. 1989లో సూపర్‌చంక్ అనే బ్యాండు వాళ్ళు తమ పాటలు, దోస్తుల పాటలు తామే తెచ్చుకోవడానికి పెట్టుకున్న చిన్న కంపెనీ అది. ఇండీ అంటే ఇదే. మన దిక్కు 'ప్రైవేట్ పాటలు' అంటం కదా, సినిమా నీడ లేకుండా సొంతంగ తీసేవి, ఇంచుమించు అదే మాట. 2011 ఫిబ్రవరి 13న గ్రామీ అవార్డుల్లో ఎమినెమ్, లేడీ గాగా, కేటీ పెర్రీ ఆల్బమ్‌లను దాటి 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' దీనికే వచ్చింది. అసలు వీళ్ళెవరు అని అడిగినవాళ్ళు కూడా మస్తుమంది ఉండె.

కాలువ గట్టు మీద ఎందుకు ఊకున్నం

ఆల్బమ్‌లో 'వియ్ యూజ్‌డ్ టు వెయిట్' అనే పాట ఉంది. ఒకప్పుడు ఉత్తరాలు రాసుకునేవాళ్ళం, అది చేరేదాకా ఎదురుచూసేవాళ్ళం అనేది దాని సంగతి. అది వింటుంటే మాలో ఒకడు వాళ్ళ బాపు ముచ్చట తీసిండు. బాపు దుబాయిల ఉన్నప్పుడు ఉత్తరాలు చదవడం అవ్వకు రాకపోయేది. అందుకే బాపు మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేటోళ్ళ చేతికిచ్చి పంపేవాడట. ఇంట్ల అందరూ టేపురికార్డర్ చుట్టూ కూసొని వినేవాళ్ళు. అవ్వ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించి వినేదట. ఆ క్యాసెట్ మీదనే తర్వాత ఎవరో సినిమా పాటలు ఎక్కించిండ్రు. బాపు గొంతు పోయింది.

ఇంకో పాట 'స్ప్రాల్ 1'. పెద్దోడయిన మనిషి తను పెరిగిన ఇల్లు వెతుక్కుంట శివార్లల్ల తిరిగేది. దాని తర్వాతది 'స్ప్రాల్ 2', రెజీన్ పాడింది. కొండల వెనక కొండలు ఉన్నట్టు అంగళ్ల వెనక అంగళ్లే కనిపించే చోట ఒక అమ్మాయి ఊపిరి సలపకపోవడం. అది విని మేం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గురించి మాట్లాడుకున్నం. 2015 డిసెంబర్‌లో మూతపడ్డంక చెరుకు బండ్ల వరుస పోయింది, ఆ వరుసల ఒక చెరుకు గడ గుంజుకొని ఉరికే పోరగాళ్ళ ఆట కూడా పోయింది. ఫ్యాక్టరీ మూత గురించి పేపర్లు రాసినయ్. ఆ ఆట గురించి ఎవరు రాస్తరు? అలాంటిది పాటలోనే నిలుస్తది.

అన్నీ కలిసినయ్ అని మాత్రం అనం. ఆ ఆల్బమ్‌లో పిల్లలకు పని లేదు, పొద్దు పోదు. 'వేస్టెడ్ అవర్స్' అని ఒక పాటే ఉంది, అంటే ఊకెనే పోయిన గంటలు. మాకు ఎండకాలం సెలవులంటే పసుపు కొమ్ములు ఏరుడు, మేకలు కాసుడు. పొద్దు పోకపోవడం కూడా ఒక భాగ్యమే అని మాలో ఒకడు కోపంగ అన్నడు. ఆ మాట నిజమే. అదీగాక వాళ్ళు అడవి జాగలో ఇండ్లు కట్టి అడవి పేరు పెట్టుకున్నరు. మనం అడవిలనే పుట్టి, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నం. అయినా చిన్నప్పటి చోటు చేతిలోంచి జారిపోతుందన్న బాధ ఇద్దరికీ ఒక్కటే.

ఊరు పేరు కొడితే

2010లోనే క్రిస్ మిల్క్ అనే డైరెక్టర్, గూగుల్ వాళ్ళు కలిసి ఈ ఉత్తరాల పాటకు 'ది వైల్డర్‌నెస్ డౌన్‌టౌన్' అని ఒక వింత వీడియో చేసిండ్రు. నువ్వు పెరిగిన ఇంటి అడ్రస్ టైప్ చెయ్యాలె. అప్పుడు వీడియోలో ఉరికే పిల్లవాడు నీ ఊరి గల్లీలకే వస్తడు. చివర్ల చిన్నప్పటి నీకు నువ్వే ఉత్తరం రాసుకోవాలె.

ఇది చదివి మేం ఫోన్ మ్యాపులో మా ఊర్లు కొట్టి చూసినం. ఒకరి తండా పేరు తప్పు పడ్డది. ఒకరి గూడెం పేరే లేదు, పచ్చటి రంగు ఒక్కటే ఉంది. గోండు తమ్ముడు నవ్వుకుంట అన్నడు, 'మన దగ్గరికి ఆ పిలగాడు ఉరికి రావాలంటే ముందు తొవ్వ ఉండాలె గదనే' అని. అందరం నవ్వినం. తర్వాత నవ్వు ఆగింది.

మనకు ఆల్బమ్ లేదా?

ఆ రాత్రి నుంచి ఒకటే ప్రశ్న. పెరిగి పెద్దగవ్వడం మీద మనకు పాటలు లేవా? వెతికితే తెలిసింది, ఉన్నయ్. మనమే వాటిని ఆ పేరుతో ఎన్నడూ పిలువలేదు.

లంబాడీల తీజ్ చూడండి. శ్రావణంల పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్ల మట్టి పోసి గోధుమలు చల్లుతరు. తొమ్మిది దినాలు నీళ్ళు పోసుకుంట, పాడుకుంట మొలకలు పెంచుతరు. చివరి దినం నీళ్ళల్ల కలుపుతరు. పెరగడం, విడిచిపెట్టడం రెండూ అందులనే ఉన్నయ్. పెండ్లినాడు పిల్ల పాడే ఢావ్లో ఇంకొకటి. యాడి మెడ పట్టుకొని, ఇంటిని, తోబుట్టువులను తలుచుకొని ఏడ్చుకుంట పాడేది. ఎవరి ఏడుపు వాళ్ళది, ఎవరి మాటలు వాళ్ళు కలుపుకుంటరు. బిడ్డతనానికి చెప్పే సెలవు అది.

గోండుల దండారి ఉంది. దీపావళి దినాల్ల నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు, వాళ్ళ వెంట పడుచు పిలగాండ్లు ఊరి నుంచి ఊరికి పోతరు. గుమేల, పర్ర, పెప్రె మోగుతయ్. పద్మల్‌పురి కాకో దర్శనానికి గుడిరేవుకు వస్తరు. అది దండేపల్లి మండలం, గోదావరి ఒడ్డు. ఇవతల ఒడ్డున మన జగిత్యాల జిల్లా. ఇంత దగ్గర ఉండి మాలో నలుగురం అది ఒక్కసారి చూడలే. పరాయి ఊరు చూసుడు, సుట్టాలను కలుసుడు, పెద్దల ముందట ఎట్ల మసలుకోవాలో నేర్చుకునుడు, పోరడు మనిషి అయ్యే బడి అది. ఇక నాయకపోళ్ళ లక్ష్మీదేవర ఆటలో గుర్రం మొకం తొడుక్కోవడం తాతల దగ్గర నుంచి వచ్చే బాధ్యత.

రాసిన వాళ్ళు, రాయని మనం

మన పాటల సంగతి బయటివాళ్ళు ముందు రాసిండ్రు. 1940లల్ల హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి గోండుల జీవితం రాసుకున్నరు. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చింది. దాంతోనే చాలా నిలిచింది, ఆ మేలు మరువం. అదే మార్లవాయి గుస్సాడీ కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో తాత పోయిండు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌ల చేరింది. అంటే ఫోన్‌ల గోండి రాసుకునే తొవ్వ పడ్డది.

సాధనాలు కూడా మారినయ్. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్ 1980లల్ల మన ఊర్లకు చేరింది. పాట తియ్యాలంటే పెద్ద స్టూడియో, పెద్ద కంపెనీ ఉండాలన్న లెక్క అప్పుడే తప్పింది. ఊర్ల పాటలు, ఉద్యమ పాటలు అట్లనే తిరిగినయ్. 2016 సెప్టెంబర్‌ల జియో వచ్చినంక యూట్యూబ్ గూడేలకు చేరింది. అనంతపురం దిక్కు తండాల పుట్టిన మంగ్లీ అక్క రాష్ట్రమంతా తెలిసిన గొంతు అయింది. గోండి, లంబాడి పాటలు ఇప్పుడు వెతికితే దొరుకుతయ్.

కానీ చాలా వాటిల్ల పిల్ల, పిలగాడు, బైకు, డీజే. తప్పు కాదు, మేమూ చిందేసినం. హాస్టల్‌ల మొదటి రాత్రి పెట్టె మీద తల పెట్టుకొని ఏడ్చిన పిల్ల పాట ఏది? బడిల మన భాష మాట్లాడితే నవ్విన రోజు పాట ఏది? తండాకు పోయినప్పుడు యాడితో మాట్లాడుకుంట మధ్యల తెలుగు మాటే నోటికొచ్చి, మన మాట గుర్తురాక ఆగిపోయిన క్షణం పాట ఏది? మనం పెరిగింది ఇట్ల. ఇది మనం తప్ప ఇంకెవ్వరూ రాయలేరు.

మాలో ఒకరి నానమ్మ ఢావ్లో పాడితే తండా అంతా ఏడ్చేదట. పోయిన ఏడు ఆమె పోయింది. అందరి జేబుల్ల ఫోన్లు ఉన్నయ్. పెండ్లి డీజే వీడియోలు 40 ఉన్నయ్. ఆమె గొంతు ఒక్కటి లేదు. దుబాయి క్యాసెట్ మీద పాటలు ఎక్కించినోళ్ళను తిట్టుకున్నం గానీ, మేం చేసింది కూడా అదే.

పని ఇది

ఈ ఏడు తీజ్‌కు, దండారికి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పెద్దమనిషి పాట ఫోన్‌ల రికార్డు చేద్దాం. ముందు అడగాలె. పూజ పాటలు, బయటికి చెప్పకూడనివి ఉంటయ్. వద్దంటే వద్దు. పాడినవాళ్ళ పేరు, ఊరు, తారీఖు, ఎప్పుడు పాడే పాటో రాసి పెట్టాలె. గ్రూపుల పెట్టుడు తర్వాత సంగతి, ముందు ఆ ఇంటోళ్ళకు ఒక కాపీ ఇయ్యాలె. కింద డీజే బీటు కలపొద్దు.

రెండోది, మన సొంతది. రాయగలిగినోళ్ళు చిన్నప్పటి మీకు ఒక ఉత్తరం రాయండి. గోండి, లంబాడి, తెలుగు, ఏ మాట వస్తే ఆ మాట. అందులోంచి పాటలు కడదాం. మా రూంలో ఒక డప్పు, ఒక పాత గిటార్ ఉన్నయ్. తీగె ఒకటి తెగింది, అయినా మోగుతది.

మేం మొదలుపెట్టినం. గోండు తమ్ముడు రేపు ఇంటికి పోతుండు, వాళ్ళ కాకో దగ్గరికి. ఆమెకు పాటలు ఎన్ని వచ్చునో వాడే ఎన్నడూ అడగలేదట.