విఘటన (డిసోసియేషన్)

విఘటన అంటే కలిసి ఉన్నవి విడిపోవడం. రసాయన శాస్త్రంలో అణువు అయాన్లుగానో, పరమాణువులుగానో, చిన్న అణువులుగానో చీలడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. జీవశాస్త్రంలో ప్రొటీన్‌ను పట్టుకుని ఉన్న పదార్థం దాన్ని వదిలిపోవడాన్ని, కణజాలం విడివిడి కణాలుగా మారడాన్ని ఇలాగే అంటారు. మనస్తత్వ శాస్త్రంలో జ్ఞాపకం, స్పృహ, ఇంద్రియానుభవం, 'నేను' అనే ఎరుక మామూలుగా కలిసి నడవాల్సింది పోయి ఒకదానికొకటి తెగిపోతే అదీ విఘటనే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో విఘటన, విఘటనం అనే మాటలు ఎక్కువగా రసాయన శాస్త్రానివి. మానసిక వైద్యుల దగ్గర డిసోసియేషన్ అన్న మాటే నడుస్తోంది.

ఎక్కడ ఈ మాట ఎదురైనా రెండు సంగతులు చూసుకోవాలి: ఏది దేని నుంచి విడిపోయింది, మళ్లీ కలుస్తుందా? రసాయన శాస్త్రంలోనూ, జీవశాస్త్రంలో చాలా చోట్లా దీనికి అంకెల్లో జవాబు దొరుకుతుంది. మనసు విషయంలో అలాంటి అంకె లేదు.

రసాయన శాస్త్రంలో

ఈ మాటకు శాస్త్రీయమైన అర్థం ఇచ్చినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ సెంట్-క్లేర్ దెవీల్. వేడి చేస్తే కొన్ని సమ్మేళనాలు పాక్షికంగా చీలి, చల్లారాక మళ్లీ కలుస్తాయని ఆయన 1857 నుంచి చూపిస్తూ వచ్చాడు. తిరిగి కలిసే ఈ గుణమే విఘటనను మామూలు వియోగం నుంచి వేరు చేస్తుంది. నవాసారం, అంటే అమోనియం క్లోరైడ్, ఆ రోజుల్లో పెద్ద చిక్కుముడి. దాని ఆవిరి సాంద్రత లెక్క ప్రకారం రావాల్సిన దాంట్లో సుమారు సగమే వచ్చేది. దీన్ని చూపి అవొగాడ్రో సూత్రమే తప్పన్నవాళ్లూ ఉన్నారు. వేడికి నవాసారం అమోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా చీలుతోందనీ, అందుకే అణువుల సంఖ్య రెట్టింపవుతోందనీ తేలాక చిక్కు వీడింది.

పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రోజూ జరిగేదీ ఈ కోవదే. సున్నపురాయి వేడికి సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మూసిన పాత్రలో అయితే వాయువు పీడనం ఒక స్థాయికి చేరగానే చర్య ముందుకు సాగదు. ఎంత రాయి వేశారన్న దానితో ఆ పీడనానికి సంబంధం లేదు, ఉష్ణోగ్రతతోనే సంబంధం. దెవీల్ శిష్యుడు దెబ్రే 1867లో దీన్ని కొలిచి చూపాడు. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ పీడనం ఒక అట్మాస్ఫియర్‌కు చేరుతుంది. బట్టీలో గాలి ఆడుతూ వాయువును బయటికి తీసుకుపోతుంది కాబట్టి రాయి పూర్తిగా సున్నమయ్యేదాకా చర్య ఆగదు.

నీళ్లలో జరిగే విఘటన కథ వేరు. ఉప్పు నీళ్లలో కరెంటు పారుతుంది, పంచదార నీళ్లలో పారదు. కిలో నీటిలో ఒక మోల్ పంచదార కరిగిస్తే ఘనీభవన స్థానం సుమారు 1.86 డిగ్రీలు తగ్గుతుంది. ఒక మోల్ ఉప్పు కరిగిస్తే దానికి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. కరెంటు పంపకముందే ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి ఉందని స్వీడన్‌కు చెందిన స్వాంటే అరేనియస్ వాదించాడు. 1884లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి వచ్చింది తక్కువ శ్రేణి. విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ దాని విలువ గుర్తించి ఉప్సలాకే వెళ్లి ఆయన్ని కలిశాడు. 1887లో సిద్ధాంతం పూర్తి రూపంలో వెలువడింది. 1903లో అరేనియస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

బలహీన ఆమ్లాలకు ఈ సిద్ధాంతం చక్కగా సరిపోతుంది. వినెగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం విఘటన స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర సుమారు 1.8 × 10⁻⁵. లీటరుకు 0.1 మోల్ ఉన్న ద్రావణంలో నూటికి ఒకటింబావు పైచిలుకు అణువులు మాత్రమే అయాన్లవుతాయి. అదే ద్రావణాన్ని వంద రెట్లు పలుచన చేస్తే ఆ వంతు పన్నెండు శాతం దాటుతుంది. స్థిరాంకం మారలేదు, విడిపోయినవాటి శాతం పెరిగింది. ఈ లెక్కకే ఓస్ట్‌వాల్డ్ విలీన నియమమని పేరు. స్వచ్ఛమైన నీటిలో అయితే 55 కోట్ల అణువుల్లో ఒక్కటి అయాన్లుగా విడిపోయి ఉంటుంది. పీహెచ్ 7 తటస్థం అనే పాఠం పుట్టింది అక్కడి నుంచే.

ఉప్పులాంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలు మాత్రం ఓస్ట్‌వాల్డ్ నియమానికి లొంగలేదు. అవి పూర్తిగానే విడిపోయి ఉన్నాయనీ, అయాన్ల మధ్య విద్యుదాకర్షణ వల్ల లెక్క తేడా వస్తోందనీ 1918లోనే వాదించినవాళ్లలో కలకత్తాలోని జ్ఞానచంద్ర ఘోష్ ఒకరు. ఆయన గణితం నిలవలేదు. 1923లో డిబై, హకెల్ ఇచ్చిన సిద్ధాంతం దాని స్థానాన్ని తీసుకుంది. ఘోష్ సహాధ్యాయి మేఘనాథ్ సాహా ఇదే ఆలోచనను నక్షత్రాలకు పట్టుకెళ్లాడు. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోవడాన్ని ఒక రకం ఉష్ణ విఘటనగా లెక్కగట్టి 1920లో ఆయన ఇచ్చిన సమీకరణం వల్లే నక్షత్ర వర్ణపటం చూసి ఉష్ణోగ్రత చెప్పడం సాధ్యమైంది. ప్రయోగశాలలోని గాజు పాత్రకు పనికొచ్చిన గణితం సూర్యుడి వర్ణావరణానికి కూడా పనికిరావడం నా దృష్టిలో ఈ భావనకు దక్కిన అతి పెద్ద గౌరవం.

బంధ విఘటన శక్తి అనే మాట వేరే సందర్భంలో వస్తుంది. ఒక బంధాన్ని తెంచడానికి ఎంత శక్తి కావాలో అది చెబుతుంది. హైడ్రోజన్ అణువుకు మోల్‌కు 436 కిలోజౌళ్లు, నైట్రోజన్‌కు సుమారు 945. గాలిలో నైట్రోజన్ అంత నిండుగా ఉన్నా ఎరువుగా మార్చడానికి కర్మాగారాలు కావాల్సి రావడానికి ఈ రెండో అంకే ముఖ్య కారణం.

జీవశాస్త్రంలో

మందు గ్రాహకాన్ని, యాంటీబాడీ యాంటిజెన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పడానికి జీవరసాయన శాస్త్రవేత్తలు వాడేది కూడా విఘటన స్థిరాంకమే. గ్రాహకాల్లో సగం నిండడానికి కావాల్సిన గాఢతకు అది సమానం. అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది.

అందరి ప్రాణానికీ నేరుగా సంబంధించిన విఘటన మాత్రం హిమోగ్లోబిన్ నుంచి ఆక్సిజన్ విడిపోవడం. ఆక్సిజన్ పీడనాన్ని అడ్డంగా, హిమోగ్లోబిన్ సంతృప్తతను నిలువుగా గీస్తే వచ్చే గీత సాగదీసిన ఇంగ్లిష్ ఎస్ అక్షరం ఆకారంలో ఉంటుంది. దీన్ని ఆక్సిజన్-హిమోగ్లోబిన్ విఘటన వక్రరేఖ అంటారు. హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ కూర్చునే చోట్లు నాలుగు. ఒకటి నిండితే మిగతావి నిండడం తేలికవుతుంది, ఒకటి ఖాళీ అయితే మిగతావి ఖాళీ కావడం తేలికవుతుంది. గీతలోని వంపు దాని వల్లే.

కొవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సిమీటర్ చూపించింది ఈ గీత నిలువు అంకెనే. ఆరోగ్యవంతుడి ధమనుల్లో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం, సంతృప్తత 97, 98 శాతం. పీడనం 70కి పడిపోయినా పరికరం 94 దగ్గర చూపుతుంది. అంటే ఊపిరితిత్తులు తమ పనిలో చాలా వెనకబడ్డాక కూడా వేలి మీద అంకె మూడు, నాలుగు పాయింట్లే కదులుతుంది. పీడనం 60కి వస్తే సంతృప్తత 90. అక్కడి నుంచి గీత నిటారుగా కిందికి దిగుతుంది: 40 దగ్గర 75, సుమారు 27 దగ్గర 50. అందుకే 94కు తగ్గితే ఆస్పత్రికి రమ్మన్నారు. అంకె 90ల్లోనే ఉంది కదా అని ఇంట్లో ఆగిపోయినవాళ్లకు తెలియాల్సింది ఈ గీత ఆకారమే. ఆ రోజుల్లో అది ఇంటింటికీ చేరి ఉండాల్సింది.

గీత ఒకేచోట నిలిచి ఉండదు. శ్రమపడే కండరంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత, వేడి పెరుగుతాయి. గీత కుడివైపు జరిగి, హిమోగ్లోబిన్ ఎక్కువ ఆక్సిజన్‌ను వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని 1904లో కోపెన్‌హేగన్‌లో క్రిస్టియన్ బోర్, హాసెల్‌బాల్క్, ఆగస్ట్ క్రో కనుగొన్నారు. పరమాణు శాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు క్రిస్టియన్ తండ్రి. గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్ గీత ఎడమవైపు ఉంటుంది కాబట్టి తల్లి రక్తం వదిలిన ఆక్సిజన్‌ను బిడ్డ రక్తం అందుకోగలుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. పైగా మిగిలిన ఆక్సిజన్‌నూ వదలనివ్వదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం పోయేది ఇందుకే. మామూలు ఆక్సిమీటర్ ఈ రెండు వాయువులనూ వేరు చేయలేదు, విషం ఎక్కినా అంకె బాగానే చూపిస్తుంది.

కణ విఘటన ప్రయోగశాల పని. ట్రిప్సిన్‌లాంటి ఎంజైమ్‌తో, కాల్షియంను లాగేసే రసాయనాలతో కణజాలాన్ని విడి కణాలుగా చేస్తారు. 1907లో అమెరికా జీవశాస్త్రవేత్త హెచ్. వి. విల్సన్ సముద్రపు స్పంజికను సన్నని పట్టుగుడ్డ గుండా పిండి కణాలుగా విడదీశాడు. అవి మళ్లీ ఒకచోట చేరి కొత్త స్పంజికలుగా ఎదిగాయి.

జన్యుశాస్త్రంలో డిసోసియేషన్ ఒక జన్యుమూలకానికి పెట్టిన పేరు. మొక్కజొన్న తొమ్మిదో క్రోమోజోమ్ ఒకే చోట పదేపదే విరగడం గమనించిన బార్బరా మెక్‌క్లింటాక్ ఆ చోటికి 1940ల్లో ఈ పేరు పెట్టింది. యాక్టివేటర్ అనే మరో మూలకం ఉంటేనే అది విరుగుతుంది. తర్వాత, ఆ చోటు క్రోమోజోమ్ మీద కదులుతోందని కూడా ఆమె చూసింది. రంగు జన్యువులో అది దూరితే గింజ పాలిపోతుంది. గింజ ఎదుగుతుండగా కొన్ని కణాల్లో బయటికి వచ్చేస్తే ఆ మేరకు ఊదా మచ్చలు పడతాయి. ఎప్పుడు బయటికొచ్చిందో మచ్చ పరిమాణమే చెబుతుంది: ముందుగా వస్తే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చుక్క. జన్యువులు కదలవని నమ్మిన కాలమది. నోబెల్ బహుమతి ఆమెకు 1983లో, 81 ఏళ్ల వయసులో అందింది.

మనస్తత్వ శాస్త్రంలో

ఇక్కడ మూలపురుషుడు ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త పియెర్ జానే. ల ఆవ్‌ర్ పట్టణంలో హిస్టీరియా రోగులను పరిశీలించి 1889లో ప్రచురించిన గ్రంథంలో, తీవ్రమైన ఉద్వేగానికి లోనైన మనసు తన అనుభవాలను ఒక్కటిగా కూర్చుకోలేకపోతుందని ఆయన రాశాడు. కూర్పులో చేరని జ్ఞాపకాలు విడిగా ఉండిపోయి శరీరాన్ని, ప్రవర్తనను నడుపుతాయన్నాడు. జానే దృష్టిలో ఇది మనసు బలహీనత. ఫ్రాయిడ్ దృష్టిలో మనసు భరించలేనిదాన్ని తానే అణచివేయడం. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఫ్రాయిడ్ మాటే చెల్లింది. 1970ల నుంచి జానే మళ్లీ చర్చలోకి వచ్చాడు.

ఆ కాలపు ప్రసిద్ధ ఉదాహరణ ఆన్సెల్ బోర్న్. రోడ్ ఐలండ్‌కు చెందిన ఈ మతబోధకుడు 1887 జనవరిలో బ్యాంకులో డబ్బు తీసుకుని మాయమయ్యాడు. పెన్సిల్వేనియాలోని నోరిస్‌టౌన్‌లో ఎ. జె. బ్రౌన్ అనే పేరుతో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఇరుగుపొరుగుకు ఏ అనుమానమూ రాలేదు. మార్చిలో ఒక తెల్లవారుజామున లేచి, నేనెక్కడున్నానని కంగారుగా అడిగాడు. దుకాణం సంగతే తెలియదన్నాడు. 1890లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ హిప్నాసిస్‌లోకి దించినప్పుడు బ్రౌన్ జ్ఞాపకాలు బయటికి వచ్చాయి. రెంటినీ కలపాలన్న ప్రయత్నం మాత్రం ఫలించలేదు.

అందరికీ తెలిసిన తేలికపాటి విఘటన కూడా ఉంది. బండి నడుపుతూ దారి ఎలా గడిచిందో గుర్తులేకపోవడం, ప్రమాదం జరిగిన క్షణాల్లో తనను తాను బయటి నుంచి చూస్తున్నట్టు అనిపించడం లాంటివి. అవి జబ్బులు కావు. అలా అనిపించడం వదలకుండా వేధిస్తూ బతుకును దెబ్బతీస్తేనే రుగ్మత. వైద్యులు గుర్తించే ప్రధాన రూపాలు: గాయపరిచిన అనుభవం గుర్తుకు రాకపోవడం, తనకు తానూ లోకమూ నిజం కానట్టు అనిపించడం, ఒకే మనిషిలో ఒకటికి మించిన వ్యక్తిత్వ స్థితులు ఉండడం. ఈ చివరిదాన్ని 1994 నుంచి అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటోంది. బాల్యంలో పడిన హింస దీనికి మూలమని ఒక వర్గం, వైద్యుల సూచనలూ సమాజంలోని కథలూ దీనికి రూపమిస్తాయని మరో వర్గం వాదిస్తున్నాయి. 1986లో బెర్న్‌స్టీన్, పట్నమ్ రూపొందించిన 28 ప్రశ్నల కొలమానం విస్తృతంగా వాడుకలో ఉంది. అది రోగి చెప్పుకున్న మాటల సగటు మాత్రమే. ఎసిటిక్ ఆమ్లం స్థిరాంకాన్ని నమ్మినట్టు దాన్ని నమ్మకూడదు.

2005లో వచ్చిన 'అపరిచితుడు', 'చంద్రముఖి' సినిమాలతో ఈ బహుళ వ్యక్తిత్వ రుగ్మత తెలుగువారి నోళ్లలో నానింది. దాన్నే స్కిజోఫ్రీనియా అనుకోవడం మాత్రం పొరపాటు. స్కిజోఫ్రీనియా వ్యక్తిత్వాలు చీలడం కాదు. లేని మాటలు వినపడడం, నిరాధారమైన నమ్మకాలు పాతుకుపోవడం దాని లక్షణాలు.

విఘటనతో ముడిపెట్టే పూనకం సంగతి జాగ్రత్తగా చెప్పాలి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం చెప్పే స్త్రీకి వచ్చేది ఆచారం ఆమోదించిన పూనకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ఇలాంటి వాటిని రుగ్మతల్లో చేర్చదు. తన ఇష్టం లేకుండా, ఆచార సందర్భానికి బయట పదేపదే వచ్చి మనిషిని కుంగదీసే పూనకానికే అందులో వ్యాధి పేరు ఉంది.

నాడీ మనస్తత్వ శాస్త్రంలో ఈ మాట రోగానికి కాదు, తర్కానికి వాడతారు. 1953లో మెదడు శస్త్రచికిత్స తర్వాత హెన్రీ మోలైసన్ అనే రోగి కొత్త సంగతులేవీ గుర్తుపెట్టుకోలేకపోయాడు గానీ, అప్పుడే విన్న అంకెలు తిరిగి చెప్పగలిగేవాడు. 1970లో షాలిస్, వారింగ్టన్ వర్ణించిన మరో రోగిది సరిగ్గా తలకిందుల పరిస్థితి. ఇద్దరినీ పక్కపక్కన పెడితే స్వల్పకాల, దీర్ఘకాల జ్ఞాపకాలు వేర్వేరు వ్యవస్థలని తేలుతుంది. దీనికి ద్వంద్వ విఘటన అని పేరు.

తిరిగి రుగ్మతలకు వస్తే, మన ఆస్పత్రుల్లో వైద్యులకు ఎక్కువగా ఎదురయ్యేవి డిసోసియేటివ్ ఫిట్స్. చూడడానికి మూర్ఛలాగే ఉంటాయి గానీ, ఆ సమయంలో తీసిన ఈఈజీలో మూర్ఛ తరంగాలు కనిపించవు. కళ్లు గట్టిగా మూసుకోవడం, తల పక్కలకు ఊగడం, చాలాసేపు సాగడం సూచనలు. వీడియో ఈఈజీ ఉంటేనే నిర్ధారణ గట్టిగా నిలుస్తుంది. ఇది నటన కాదని రోగికీ ఇంట్లోవాళ్లకూ విడమరిచి చెప్పడంతోనే చికిత్స మొదలవుతుంది, ఆ తర్వాత మాటలతో చేసే చికిత్స. మూర్ఛ మందులు వీటికి పనిచేయవు. అయితే కొందరిలో అసలు మూర్ఛ, ఇదీ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి నాడీ వైద్యుడు చెప్పకుండా మందులు ఆపకూడదు.