అప్పటికప్పుడు అనుభవ నమోదు

మనుషుల రోజువారీ పనులను, భావాలను, బాధలను అవి జరుగుతుండగానే, లేదా జ్ఞాపకం చెదరకముందే సేకరించే పరిశోధన పద్ధతులివి. 1970లలో షికాగో విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకులు మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్, రీడ్ లార్సన్ పేజర్లతో ఈ దారి వేశారు. పేజర్ మోగినప్పుడల్లా ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో రాయాలి. ఇప్పుడా పని సెల్‌ఫోన్‌తో సాగుతోంది.

తెలుగు నేలపై దీనికి దగ్గరి ఉదాహరణ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాలు. అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో అవురుపల్లి, డోకూర్ ఊళ్లను ఎంచుకుని, ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలను తీసుకున్నారు. పల్లె నేపథ్యమున్న, స్థానిక భాష వచ్చిన పట్టభద్రులు ఆ ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి కూలి, పంట, అప్పు, ఖర్చుల లెక్కలు రాసుకున్నారు. కరువు ప్రాంతపు బతుకును ఇంత ఓపికగా పట్టుకున్న పని అరుదు. ఏడాది చివర ఒక్కసారి అడిగితే చిన్న చేబదుళ్లు, పనిలేని రోజులు జ్ఞాపకంలోంచి జారిపోతాయి.

ఫోన్ పద్ధతికి పరిమితులున్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు వలస వెళ్లిన కూలీలు పని మధ్యలో జవాబివ్వలేరు. అలా ఒత్తిడి ఎక్కువున్న గంటలే లెక్కలోంచి తప్పిపోతాయి. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవపు కర్రల సమరంలో కర్ర పట్టినవారిని ప్రశ్నించడం అసాధ్యం. అలాంటిచోట శరీరమే సాక్ష్యం. స్పెయిన్‌లోని శాన్ పెద్రో మన్రికేలో నిప్పులపై నడిచేవారి గుండె వేగాన్ని పరికరాలతో కొలిచారు. చూస్తున్న బంధుమిత్రుల గుండె లయ వారితో కలిసిందని, పరాయివారిది కలవలేదని 2011లో ప్రచురించారు.