దళారి నోటి నుంచి తెర మీదికి

షేరు ధర ఇప్పుడు అరచేతిలో కనిపిస్తోంది. ముప్పై ఏళ్ల కిందటి దాకా బ్రోకరు చెప్పిందే ధర. బొంబాయి మార్కెట్ కథంతా, ఒక రకంగా చూస్తే, ఆ ధర దళారి నోటి నుంచి బయటపడిన కథే.

1850ల్లో బొంబాయి టౌన్‌హాలు దగ్గర మర్రిచెట్ల కింద కొద్దిమంది దళారులు చేరి బేరాలాడేవారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యాక లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. మన పత్తికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. ఆ డబ్బంతా బ్యాక్ బే లాంటి కంపెనీల షేర్ల మీదికి మళ్లింది. పేరుమోసిన దళారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ చెయ్యి పడిందంటే చాలు, జనం ఎగబడేవారు. 1865లో యుద్ధం ముగిసింది. పత్తితో పాటు షేర్లూ కూలాయి, రాయ్‌చందూ మునిగాడు. బుద్ధి వచ్చిందో, అవసరమే తరిమిందో, 1875లో దళారులు ఒక సంఘం పెట్టుకున్నారు. నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి (బీఎస్ఈ)కి మూలం అదే.

ఆ పాటికే న్యూయార్క్‌లో ధర తీగల మీద పరుగెడుతోంది. 1867లో ఎడ్వర్డ్ కాలహన్ తయారుచేసిన టిక్కర్ యంత్రం సన్నటి కాగితపు పట్టీ మీద ధరలు అచ్చు కొట్టేది. అంత ఇరుకులో కంపెనీ పేరు పూర్తిగా పట్టదు కనుక రెండు మూడు అక్షరాల గుర్తులు స్థిరపడ్డాయి. యంత్రం మ్యూజియం చేరినా పొట్టి పేర్లు మిగిలాయి. మన బీఎస్ఈ అంకెలు పెట్టుకుంది: రిలయన్స్ 500325, ఇన్ఫోసిస్ 500209. తర్వాత వచ్చిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్ఎస్ఈ) అక్షరాలు ఎంచుకుంది. మదుపరికి అదే నయం.

హైదరాబాద్‌కు 1943లోనే సొంత ఎక్స్ఛేంజి వచ్చింది. అయితే ఎక్కడైనా పద్ధతి ఒకటే. మర్నాటి పేపర్లో నిన్నటి ధరలు చూసుకోవాలి. ఏ క్షణంలో ఎంతకు కొన్నారో బ్రోకరు రాసిచ్చిన చీటీనే నమ్మాలి. 1994 నవంబరులో ఎన్ఎస్ఈ కంప్యూటర్ తెర మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టి ఈ నమ్మకపు అవసరాన్ని తీసేసింది. ప్రతి బేరానికీ ధర, సమయం నమోదయ్యేవి. మరుసటి ఏడు బీఎస్ఈ కూడా అదే దారి పట్టింది. 1996లో, షేర్లను ఎలక్ట్రానిక్ ఖాతాల్లో ఉంచే వీలు కల్పించిన డిపాజిటరీల చట్టంతో కాగితపు సర్టిఫికెట్ల బెడద తగ్గింది. ఎక్కడి నుంచైనా తెర మీదే కొనగలిగాక ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకు పనిలేకుండా పోయింది. హైదరాబాద్‌ది 2007లో గుర్తింపు కోల్పోయింది.

ధర కళ్లెదుట ఉంటే సరిపోదు, దాని వెనుక లెక్కలూ నిజం కావాలి. లిస్టింగ్ అసలు ఉద్దేశం కంపెనీ తన లెక్కలను బయటపెట్టడమే. హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, సత్యం రెండూ 2001లో న్యూయార్క్‌లోనూ లిస్టయ్యాయి. రెండు దేశాల నిబంధనలున్నా సత్యం ఖాతాలు ఏళ్ల తరబడి కల్పితాలేనని 2009 జనవరి 7న తేలింది. అంతకుముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 లోపు పడిపోయింది. తెర మీద అంకె అప్పటిదాకా క్షణం తప్పకుండా సరైనదే!

అంకె నిజమైనా దాన్ని చదవడం వేరే పని. 2024 అక్టోబరులో షేర్ల విభజనతో డాక్టర్ రెడ్డీస్ షేరు ముఖవిలువ 5 రూపాయల నుంచి 1 రూపాయికి తగ్గింది. ధర ఐదో వంతుకు దిగింది, పది షేర్లున్నవారికి యాభై అయ్యాయి. దశాబ్దాలుగా అలా విభజించని ఎంఆర్‌ఎఫ్ షేరు 2023 జూన్‌లో లక్ష దాటింది. ఈ రెండింటిలో ఏది పెద్ద కంపెనీయో తేలాలంటే ధరను మొత్తం షేర్ల సంఖ్యతో హెచ్చవేయాలి. అలా చూస్తే రెడ్డీస్ విలువే ఎక్కువ.