లెక్క పలికి చూచుట

నా బాల్యమున మా తండ్రిగారు ధాన్యపు వర్తకము చేయుచుండెడివారు. రాత్రి కొట్టు కట్టిన పిమ్మట ఆయన చిట్టా చేతబట్టి ఒక్కొక్క పద్దును బిగ్గరగా చదివెడివారు. నేను ఆవర్జా విప్పి, ఆ పద్దు ఆసామి ఖాతాకెక్కినదో లేదో చూచి, ఎక్కియున్నచో ప్రక్కన చుక్క పెట్టవలెను. ఒకనాడు నిద్రమత్తులో చూడకయే చుక్క పెట్టితిని. అది ఒక రైతు తన అప్పు క్రింద చెల్లించిన 40 రూపాయల పద్దు.

ఈ చుక్క మా యింటి యాచారమనియే చాలకాలము తలచితిని. కాదు. ఇటలీ దేశపు సన్న్యాసి లూకా పాచోలీ 1494లో వెనీసు నగరమున అచ్చువేయించిన గణిత గ్రంథమున జమాఖర్చుల ప్రకరణమొకటి కలదు. ఆ పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. వెనీసు వర్తకులు వాడుచుండినదానినే వ్రాసిపెట్టెను. మొదట చిత్తుపుస్తకము, దానినుండి చిట్టా, చిట్టానుండి ఆవర్జా. ఆవర్జాలో ప్రతి పద్దును రెండుచోట్ల, ఒకచోట ఖర్చుగను వేరొకచోట జమగను వ్రాయవలెను. ఇక సరిచూచుట ఒంటరిగా చేయదగిన పని కాదనెను. సహాయకుని చేతికి చిట్టానిచ్చి, ఆవర్జా తానే పట్టుకొని, అతడు పలుకగా తాను చూచి గుర్తు పెట్టవలెను. తుదకు గుర్తులేని పద్దు మిగిలినచో అచ్చట తప్పున్నదన్నమాట. ఆవర్జాలో అదనముగ పడిన పద్దునకు ఎదురు పద్దు వ్రాసి సరిచేయవలెనట. మా యింట ఆవర్జా పిల్లవాని చేతనుండెను. పాచోలీ దీనికి ఒప్పుకొనియుండడు.

ఇంగ్లాండు ఖజానాలో కొయ్యపుల్లపై గాట్లు పెట్టి, నిలువున చీల్చి, ఇరువురు చెరియొక సగము దాచుకొనెడివారు. జతపరచినప్పుడు గాట్లు కలిసిననే లెక్క చెల్లును. 1826లో ఆ వాడుక ముగిసెను. 1834 అక్టోబరు 16న ఆ పాత పుల్లలను పొయ్యిలలో కాల్చబోగా పార్లమెంటు భవనమే తగులబడెను! ఆ పుల్ల పేరు టాలీ. బెంగుళూరున పుట్టిన లెక్కల సాఫ్ట్‌వేరునకును అదే పేరు. మన కరణములు, 1984లో ఆ యుద్యోగములు రద్దగువరకు, జమాబందీనాడు పై యధికారి యెదుట లెక్క విప్పుటను పెద్దలకు నేను చెప్పనక్కరలేదు.

నేడు మా మేనల్లుని కొట్టులో కంప్యూటరున్నది. తెరపై ఒక ప్రక్క బ్యాంకువారి పద్దు, మరియొక ప్రక్క కొట్టు పద్దు. తేదియు మొత్తమును కలిసినచో యంత్రమే జత సూచించును. ఖాయపరచుట మాత్రము మనుష్యుని వంతు. ఒకేనాడు ఇద్దరు ఒకే మొత్తము పంపినచో యంత్రము ఒకరి సొమ్మును మరొకరికి జతపరచవచ్చును. కంపెనీలు వాడు సాఫ్ట్‌వేరు ప్రతి మార్పును తేదితో నమోదు చేయవలెననియు, ఆ నమోదును ఆపుటకు వీలుండరాదనియు 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశమున నియమము. మార్పు దాగదు, సరే. చూడకయే ఖాయపరచిన పద్దు మాత్రము చూచి ఖాయపరచినదానివలెనే కనబడును. మా మేనల్లుడు నూరు పద్దులను ఒక్క నొక్కుతో ఖాయపరచుట చూచి నాకు ఆ రైతు జ్ఞప్తికి వచ్చెను.

సంక్రాంతికి మా గుమాస్తా అతనిని బాకీ అడుగబోయెను. అతని కడ చీటి లేదు. చెల్లించితినని ఒక్కమారు చెప్పి, పిమ్మట వాదింపక మరల 40 రూపాయలు తెచ్చి యిచ్చెను. ఉగాదికి పాత చిట్టా తిరుగవేయగా తప్పు బయటపడెను. మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని అతని యింటికి పోయి సొమ్ము తిరిగి యిచ్చిరి. అతడు పుచ్చుకొనెను. మరుసటి పంటకు అతని ధాన్యము మా కొట్టుకు రాలేదు.