సింగపూర్ "డురియన్": గుమ్మటం కాదు, గుమ్మం చూడండి



సింగపూర్‌లో మరీనా బే ఒడ్డున నిలబడి ఫొటో దిగితే, వెనకాల ముళ్లు ముళ్లుగా రెండు పెద్ద గుమ్మటాలు కనిపిస్తాయి. మన ఉద్దానం మనిషి చూస్తే ముందు ఏమంటాడు? "ఇదేటి, పనసకాయని సగానికి కోసి బోర్లించినట్టుంది!" అంటాడు. సింగపూర్ జనం కూడా దాదాపు అదే మాటన్నారు. కాకపోతే వాళ్లకి బాగా తెలిసింది డురియన్ పండు. చూడ్డానికి మన పనసలాగే ఉంటుంది గానీ ముళ్లు ఇంకా పదును, వాసన ఇంకా ఘాటు. అందుకే ఆ భవనానికి "డురియన్" అనే పేరు అంటుకుపోయింది. అసలు పేరు ఎస్ప్లనేడ్. ఒపేరాలు, కచేరీలు, నాటకాలు, డాన్సులు జరిగే కళాకేంద్రం అది.

పలాస, టెక్కలి వైపు నుంచి వెల్డింగ్‌కి, బిల్డింగ్ పనులకి సింగపూర్ వెళ్లిన కుర్రాళ్లు ఆదివారం అక్కడికి వెళ్తారు, బయట ఫొటో దిగుతారు, వెనక్కి వచ్చేస్తారు. "లోపలికి మనల్ని రానిస్తారా? టికెట్ ఎంతుంటుందో!" అని జంకు. ఈ రోజు మన కథ ఆ జంకు గురించే.

నిజానికి ఆ దిక్కు మనకి కొత్తది కాదు. విమానాలు రాకముందే బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి మన జనం రంగూన్ వెళ్లేవాళ్లు. మలయా తోటల్లో కూలికీ ఉత్తరకోస్తా నుంచి వెళ్లారు. 1917లో బారువ దగ్గర మునిగిన చిల్కా ఓడ శిథిలాలు ఇప్పటికీ సముద్రం అడుగున ఉన్నాయి. సింగపూర్‌లో స్థిరపడిన మనవాళ్లు 1975లోనే సింగపూర్ తెలుగు సమాజం పెట్టుకున్నారు. ఇక 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక వలస వెళ్లక తప్పని ఇళ్లు ఎన్నో మీకు తెలుసు.

సరే, ఇప్పుడు ఆ భవనం చరిత్రకి వద్దాం.

సింగపూర్ 1965లో విడి దేశమైంది. మొదటి ఇరవై ఏళ్లూ వాళ్ల ధ్యాసంతా ఇళ్లు, రేవు, ఫ్యాక్టరీలు, ఉద్యోగాల మీదే. కడుపు నిండాక కళ గుర్తొచ్చింది. 1989లో ఓంగ్ టెంగ్ చియాంగ్ అధ్యక్షతన ఒక సలహా మండలి రిపోర్టు ఇచ్చింది. దేశానికి మంచి ప్రదర్శనశాలలు కావాలని చెప్పింది. ఈ ఓంగ్ చదివింది ఆర్కిటెక్చరే, తర్వాత ఆయన సింగపూర్ అధ్యక్షుడు కూడా అయ్యారు.

డిజైన్ చేసింది స్థానిక సంస్థ డీపీ ఆర్కిటెక్ట్స్, బ్రిటన్ ఆర్కిటెక్ట్ మైకేల్ విల్ఫర్డ్. డీపీ తరఫున ముఖ్యుడు వికాస్ గోరే. 1994లో నమూనా బయటపెట్టగానే గోల మొదలైంది. అప్పటి బొమ్మలో గుమ్మటాలు ఉత్త అద్దాలే. భూమధ్యరేఖకి ఆనుకుని ఉన్న ఊళ్లో అద్దాల ఇల్లు కడితే లోపల జనం ఉడికిపోరా అన్నారు. అప్పుడొచ్చింది ఈ ముళ్ల సంగతి. అద్దం మీద 7 వేలకు పైగా అల్యూమినియం నీడరేకులు బిగించారు. ఎండ పడే దిక్కుని బట్టి ఒక్కో చోట ఒక్కో వాలులో వాటిని బిగించారు. మన ఊళ్లో పందిరి మీద కొబ్బరాకులు పరిచినప్పుడు చేసేదేంటి? ఎండ ఆగాలి, వెలుగు రావాలి. లెక్క అదే. అంటే డురియన్‌ని చూసి ఆ డిజైన్ గీయలేదు, ఎండకి జవాబు వెతికితే ఆ రూపం వచ్చింది.

1996లో పని మొదలైంది. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల మీద, సుమారు 60 కోట్ల సింగపూర్ డాలర్ల ఖర్చుతో కట్టి, 2002 అక్టోబరు 12న తెరిచారు. కచేరీ హాల్లో దాదాపు 1,600 మంది, థియేటర్‌లో దాదాపు 2,000 మంది కూర్చోవచ్చు. కచేరీ హాల్లో ఉన్న పైపు ఆర్గాన్ వాయిద్యానికి 4,740 గొట్టాలున్నాయి.

అందరూ చప్పట్లు కొట్టారా అంటే, లేదు. సింగపూర్ నాటక కళాకారులే ప్రశ్నించారు. "ఇంత పెద్ద హాళ్లు విదేశీ షోలకి పనికొస్తాయి. మా చిన్న నాటకానికి 2,000 సీట్లు ఎవరు నింపుతారు? మాకు కావలసింది మధ్యరకం హాలు కదా" అని వాళ్ల బాధ. న్యాయమైన మాటే. ఆ లోటు తీరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2022లో, నీటి ఒడ్డునే, 550 సీట్ల కొత్త థియేటర్ తెరిచారు.

కానీ ఒక పని మాత్రం మొదట్నుంచీ బాగా చేశారు. అక్కడ జరిగే ప్రదర్శనల్లో చాలావాటికి టికెట్ లేదు. నీటి ఒడ్డున బయటి వేదిక, లోపలికి వెళ్లగానే ఉండే పెద్ద వసారా, ఈ రెండు చోట్లా ఉచితంగా పాటలు, డాన్సులు జరుగుతుంటాయి. డాబా మీదికి వెళ్లి ఊరంతా చూడటానికీ డబ్బు అక్కర్లేదు. ఏటా నవంబరు ప్రాంతంలో "కలా ఉత్సవం" పేరుతో భారతీయ కళల పండగ చేస్తారు, అందులోనూ ఉచిత ప్రదర్శనలుంటాయి.

ఇక్కడ ఇంకో ఒపేరా హౌస్ కథ చెప్పాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపేరా హౌస్‌ని ఎలిజబెత్ రాణి 1973లో ప్రారంభించారు. కానీ అక్కడ మొదటి పాట వినిపించింది అంతకు పదమూడేళ్ల ముందే. 1960 నవంబరులో, భవనం ఇంకా పునాదుల్లో ఉండగానే, అమెరికన్ నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ వచ్చి పనివాళ్ల కోసం పాడాడు. వాళ్లు పరంజాల మీద కూర్చుని విన్నారు. అంటే ఆ భవనానికి మొట్టమొదటి ప్రేక్షకులు దాన్ని కడుతున్న కూలీలే! ఇలాంటి భవనాల చరిత్రలో ఆర్కిటెక్టుల పేర్లు దొరుకుతాయి, వెల్డర్ల పేర్లు దొరకవు. సింగపూర్‌లో కట్టడాల పనంతా ఎక్కువగా విదేశీ కార్మికుల చేతుల మీదే నడుస్తోంది. అలాంటప్పుడు మనవాడు అక్కడ గుమ్మం దగ్గర ఎందుకు జంకాలి?

దారి కూడా చెప్పేస్తా. మనవాళ్లు ఆదివారం ఎలాగూ లిటిల్ ఇండియా వెళ్తారు. అక్కడి టెక్కా మార్కెట్ పేరు వింటే టెక్కలి గుర్తొస్తుంది, సంబంధం మాత్రం ఏమీ లేదు లెండి. లిటిల్ ఇండియా స్టేషన్‌లో ఊదారంగు లైను ఎక్కితే పక్క స్టేషనే ధోబీ ఘాట్. అక్కడ సర్కిల్ లైనుకి మారితే రెండో స్టేషన్ ఎస్ప్లనేడ్. సాయంత్రం పూట వెళ్లండి, ఎండ ఉండదు. ఆ రోజు ఉచితంగా ఏముందో ఫోన్లో ముందే చూసుకోండి. దర్జాగా లోపలికి నడవండి.

మరి మన ఊరి సంగతి? మన వైపు ఒపేరా లేదనుకుంటాం. పాట, ఆట, మాట కలిపి కథ నడిపించేదే ఒపేరా అయితే, తెల్లవార్లూ ఆడే తూర్పు భాగవతం ఏంటి మరి? జముకుల కథ ఏంటి? బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి 1960ల్లో అదే జముకుల కథతో రైతు కూలీల బాధని ఊరూరా చెప్పాడు. హాలు లేదు, మైకు లేదు, జనం మాత్రం వచ్చారు.

అంటే మనకి కళ ఉంది, దానికి నిలకడైన చోటు లేదు. 60 కోట్ల డాలర్ల గుమ్మటం మనకి అక్కర్లేదు. పలాసలోనో టెక్కలిలోనో గాలీ వెలుగూ వచ్చే మధ్యరకం హాలు ఒకటి, నెలకో తేదీ, భాగవతులకి సరైన డబ్బు, చూడ్డానికి వచ్చేవాళ్లకి ఉచితం. సింగపూర్ నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. సింగపూర్‌లో ఉన్న మీ అన్నకో బావకో ఈ సంగతి చెప్పండి. ఈసారి ఫొటో లోపలి నుంచి పంపమనండి.