ఒకే అంశం, పలు కుంచెలు

లండన్‌లో స్కెచింగ్ క్లబ్బు తొలి సమావేశం 1799 మే 20న చిత్రకారుడు రాబర్ట్ కెర్ పోర్టర్ గదిలో జరిగింది. అంతకుముందు అది జాషువా రెనాల్డ్స్ బొమ్మలు వేసిన గది. థామస్ గిర్టిన్, లూయీ ఫ్రాన్సియా వంటి యువ చిత్రకారులతో పాటు ఔత్సాహికులకూ ఇందులో చోటుండేది. సభ్యులు వంతులవారీగా ఆతిథ్యమిచ్చేవారు. ఏదో ఒక కవితాఖండికను అంశంగా తీసుకుని అందరూ అక్కడికక్కడే దృశ్యం కల్పించేవారు. కాగితం, రంగులు ఇంటివారివే. గీసిన బొమ్మలూ వారికే దక్కేవి. ఆతిథ్యానికి ఇంతకన్నా మంచి ప్రతిఫలం ఉండదు! బహుమతులు లేకున్నా, పక్కపక్కన పెడితే ఎవరి ఊహ ఎంతదో తేలిపోయేది. గిర్టిన్ 1802లో మరణించాడు. అయినా 1808లో చిత్రకారులైన చాలన్ సోదరులు మొదలుపెట్టిన స్కెచింగ్ సొసైటీ ఈ పద్ధతినే 1851 దాకా నడిపింది.