విజయనగర వాస్తు వైభవానికి నిలువుటద్దం – చంద్రగిరి రాజ మహల్

బంగారుపాళ్యం: పాళెగాళ్ల కాలపు జ్ఞాపకాన్ని పేరులోనే నిలుపుకున్న ఊరు బంగారుపాళ్యం. విజయనగర ప్రభువులకు సైన్యాన్ని సమకూర్చి, అడవులకు, మార్గాలకు రక్షణ కల్పించిన పాళెగాళ్ల స్థావరాలే చిత్తూరు సీమలోని పాళెములు. ఆ ప్రభువుల చివరి రాజధానులలో ఒకటైన చంద్రగిరిలో వారి రాజ మహల్ నేటికీ నిలిచి ఉంది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్వ్యవస్థీకరణతో బంగారుపాళ్యం చిత్తూరు జిల్లాలోను, చంద్రగిరి తిరుపతి జిల్లాలోను ఉన్నప్పటికీ, ఈ రెండింటి చారిత్రక వారసత్వం ఒక్కటే.

చారిత్రక నేపథ్యం

తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, కొండను ఆనుకొని చంద్రగిరి కోట ఉన్నది. యాదవరాయల ఏలుబడి అనంతరం ఇది విజయనగర రాజ్యంలో చేరింది. ఇక్కడి నుండి ఎదిగిన సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓటమి తరువాత రాజధాని పెనుగొండకు, రెండవ వేంకటపతి రాయల (1586–1614) కాలంలో చంద్రగిరికి మారింది. 1639లో ఈ రాజ్యపు సామంతుడైన దామర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన అనుమతితోనే చెన్నపట్నం కోట నిర్మాణానికి మార్గం ఏర్పడింది. అనంతరం చంద్రగిరి కోట గోల్కొండ, ఆర్కాటు, మైసూరు పాలకుల చేతులు మారింది.

నిర్మాణ విశిష్టత

మూడు అంతస్తుల రాజ మహల్ రాయి, ఇటుక, సున్నపు గారతో నిర్మించబడింది. కలపను వినియోగించకపోవడం దీని ప్రధాన విశేషం. పై అంతస్తుల భారాన్ని స్తంభాలు, కమానులు మోస్తున్నాయి. మధ్యభాగంలోని దర్బారు మందిరం రెండు అంతస్తుల ఎత్తున ఉన్నది. ముఖభాగంలోని కమానులు దక్కను సుల్తానుల వాస్తురీతిని, పైభాగంలోని శిఖరాలు ఆలయ విమానాలను తలపిస్తాయి. సమీపంలోనే రెండు అంతస్తుల రాణి మహల్ కలదు.

హంపీలోని రాజప్రాసాదాలలో అనేకం కలపతో కూడిన పైకట్టడాలు నశించి, రాతి వేదికలుగా మాత్రమే మిగిలాయి. విజయనగర ప్రభువుల నివాస భవనాల స్వరూపాన్ని తెలుసుకొనుటకు నిలిచి ఉన్న కొద్దిపాటి ఆధారాలలో రాజ మహల్ ముఖ్యమైనది. ఇది దెబ్బతిన్నచో ఆ ఆధారాన్ని మరల సృష్టించుట సాధ్యం కాదు.

పరిరక్షణ

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న ఈ భవనంలో పురావస్తు ప్రదర్శనశాల నిర్వహించబడుతున్నది. గుడిమల్లం, గండికోట, యాగంటి తదితర ప్రాంతాలలో లభించిన శిల్పాలు, ఇతర పురావస్తువులు ఇందులో ఉన్నాయి.

1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడపు సరిహద్దు నుండి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ నిర్మాణాలు చేపట్టుటకు ముందస్తు అనుమతి తప్పనిసరి. కట్టడాన్ని ధ్వంసం చేసినా, గోడలపై రాతలు రాసి పాడుచేసినా రెండేళ్ల వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చు.

సున్నపు గార తేమను పీల్చి, తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూసినచో లోపలి తేమ నిలిచిపోయి ఇటుక దెబ్బతింటుంది. కావున పాత గోడల మరమ్మతులకు సున్నమే శ్రేయస్కరం. రాజ మహల్‌కే గాక, జిల్లాలలోని పాత కోటలకు, పాళెగాళ్ల కాలపు భవనాలకు సైతం ఈ జాగ్రత్త వర్తిస్తుంది.